ఓటి తొట్టెకు ఎంత భరోసా?

మునిర్కాలో నెలాఖరుకు గదులు చేతులు మారతాయి. వాటితోపాటు సామాన్లూ మారతాయి. జేఎన్‌యూలో పీహెచ్‌డీ ముగించినవారు, సివిల్స్ ప్రయత్నాలకు స్వస్తి చెప్పి ఊరికి బయలుదేరినవారు, గుర్‌గావ్‌లో ఉద్యోగం దొరికి అటు మారుతున్నవారు తమ కూలర్‌నూ మడత మంచాన్నీ గ్యాస్ పొయ్యినీ వెనక వచ్చేవారికి అప్పగించి వెళ్తారు. ఈ వారసత్వపు సొత్తులో అప్పుడప్పుడూ ఒక అక్వేరియం కూడా ఉంటుంది. కూలర్ సంగతి స్విచ్ వేస్తే తెలుస్తుంది. మంచం సంగతి కూర్చుంటే తెలుస్తుంది. అక్వేరియం సంగతి నీళ్ళు పోస్తే తెలిసిపోతుందని అందరూ అనుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ మధ్య అక్కడి ఊరి సందుల్లో మూడో అంతస్తులో అద్దెకుంటున్న ఒక తెలుగు జంట అలాంటి తొట్టె విషయమై నన్ను పిలిచారు. నాకు చేపలు పెంచే అలవాటుందని ఎవరో చెప్పారట. తొట్టె మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. ముందు అద్దానికి ఎడమవైపు కింది మూల నుంచి బయలుదేరి, నాలుగంగుళాల మేర వంపు తిరిగి ఆగిపోయిన సన్నటి పగులు. ఇచ్చి వెళ్తున్న కుర్రాడు కరీంనగర్ వైపు వాడు. “నాలుగేండ్ల సంది గిట్లనే ఉందన్నా, ఒక్క చుక్క కారలే” అన్నాడు. అతను అబద్ధం చెప్పాడని నేననుకోను. ఇంటాయన అప్పటికే ఆ పగులు మీద పగడపు దిబ్బ స్టిక్కర్ అంటిస్తే సరిపోతుందన్న నిర్ణయానికి వచ్చేశారు. ఇల్లాలు మాత్రం, “పాప ఇప్పుడిప్పుడే పాకుతోందండీ. ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడుతోంది” అన్నారు. ఆ ఒక్క మాటతో లెక్క మారిపోయింది.

ముందు బరువు చూద్దాం. ఆ కొలతల తొట్టెలో అంచు దాకా పోస్తే సుమారు 125 లీటర్ల నీళ్ళు పడతాయి. లీటరు నీరంటే కిలో. గాజు బరువు, అడుగున పరిచే గులకరాళ్ళు కలిపితే మొత్తం 150 కిలోలు దాటుతుంది. ఇద్దరు భారీ మనుషులు ఒక స్టూలు మీద రాత్రింబవళ్ళు నిలబడ్డట్టు. ఇది కిందికి పనిచేసే బరువు. నీళ్ళు పక్కలకు కూడా నెడతాయన్న సంగతే మనకు గుర్తుండదు. ముందు అద్దం మీద నీరు బయటికి నెట్టే బలం, తొట్టె నిండుగా ఉన్నప్పుడు, దాదాపు 90 కిలోల బరువుకు సమానం. అదీ అద్దమంతా సమానంగా పరుచుకోదు. పైన దాదాపు ఏమీ ఉండదు, అడుక్కి పోయేకొద్దీ పెరుగుతుంది. పగులు ఉన్నది సరిగ్గా అడుగు మూలలోనే.

ఇందులో మరో తిరకాసు ఉంది. ఒత్తిడి నీటి లోతును బట్టే ఉంటుంది కానీ తొట్టె ముందు నుంచి వెనక్కి ఎంత వెడల్పుందన్న దాన్ని బట్టి కాదు. లోతు సగానికి తగ్గిస్తే అద్దం మీద మొత్తం బలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 90 కిలోలు కాస్తా 23 కిలోలకు దిగుతుంది. అందుకే ఆ కుర్రాణ్ని నీళ్ళు ఎంత పోసేవాడివని అడిగాను. సగానికి మించి ఎప్పుడూ పోయలేదట. చేపలు మొదటి ఎండాకాలంలోనే పోతే, ఆ తర్వాత తాబేళ్ళను పెంచాడు. తాబేలు ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి, దాని చుట్టూ కాసిని నీళ్ళు. కాబట్టి ఆ నాలుగేళ్ళ సాక్ష్యం నాలుగో వంతు బరువుకు సంబంధించిన సాక్ష్యమే. నిండు తొట్టె గురించి అది ఏమీ చెప్పదు.

గాజు ఎందుకు పగులుతుందన్నది పాత ప్రశ్నే. గాజులోని అణువుల బంధాలను లెక్కగడితే అది ఉక్కును మించి బలంగా ఉండాలి. మరి వంటింట్లో గ్లాసు ఎందుకు అంత తేలిగ్గా విరుగుతుంది? ఏ.ఏ.గ్రిఫిత్ అనే బ్రిటిష్ ఇంజినీరు 1921లో దీనికి సమాధానం చెప్పాడు. గాజు మీద కంటికి కనిపించని నెర్రెలు ఉంటాయి, లాగే బలమంతా ఆ నెర్రె కొన దగ్గర గుమిగూడుతుంది. బలం నిలిచేది గాజు మందాన్ని బట్టి మాత్రమే కాదు, అందులోని అతి పెద్ద నెర్రె పొడవును బట్టి కూడా. నెర్రె నాలుగు రెట్లు పొడవైతే అద్దం తట్టుకోగల ఒత్తిడి సగానికి పడిపోతుంది. ఇనుము అయితే పగులు కొన దగ్గర కాస్త సాగి, మెత్తబడి, పగులును అడ్డుకునే ప్రయత్నమైనా చేస్తుంది. గాజుకు సాగే గుణం లేదు. ఆగితే ఆగినట్టు, లేదంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క ఊపున పోయినట్టు.

ఇంతకంటే అక్వేరియం యజమానులకు పనికొచ్చే సంగతి 1967లో బయటపడింది. అమెరికా ప్రమాణాల సంస్థలో పనిచేసిన షెల్డన్ వీడర్‌హార్న్ ఒకే బరువు వేసి, గాలిలో తేమను మారుస్తూ గాజు పగులు ఎంత వేగంగా పాకుతుందో కొలిచాడు. తేమ పెరిగేకొద్దీ వేగమూ పెరిగింది. పగులు కొన దగ్గర సాగదీతకు గురై ఉన్న బంధాలను నీటి అణువు తెంచేస్తుంది. అంటే తొట్టెలోని నీరు అద్దాన్ని నెట్టడమే కాదు, పగులును లోపలి నుంచి కొరుకుతుంది కూడా. కంటికి ఆనని వేగంతో వారాలూ నెలలూ పాకి, ఒక హద్దు చేరాక ఏ అర్ధరాత్రో ఠప్పుమంటుంది. “నిన్నటి దాకా బాగానే ఉందండీ” అని పగిలిన తొట్టెల యజమానులు చెప్పేది అందుకే. నిజంగానే నిన్నటి దాకా బాగానే ఉంటుంది.

కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఓటిదో కాదో చెప్పేవారు. అద్దానికి ఆ పద్ధతి పనికిరాదు. కొట్టకండి కూడా. రాత్రి గదిలో దీపాలార్పి టార్చి లైటు ఏటవాలుగా వేసి చూడండి. గీత అయితే పైపైన మసగ్గా కనిపిస్తుంది. పగులు అయితే గాజు మందంలోకి దిగిన చిన్న అద్దం ముక్కలా తళుక్కుమంటుంది. తర్వాత గోరుతో అడ్డంగా గీరండి. గోరు తట్టుకోని గీతల గురించి బెంగ అక్కర్లేదు. ఆల్గే గోకే బ్లేడు కింద ఇసుక రేణువు పడితే వచ్చే గీతలన్నీ ఈ కోవవే. గోరు తట్టుకునే గీత లోపలి వైపు కంటే బయటి వైపు ఉంటే ఎక్కువ అనుమానించాలి. నీరు నెట్టినప్పుడు అద్దం బయటికి ఉబ్బుతుంది కదా, నడిమి భాగంలో సాగదీత పడేది బయటి ముఖం మీదే.

పెచ్చు ఊడిన అంచులది వేరే కథ. తొట్టెను మోసుకెళ్ళేటప్పుడు మునిర్కా మెట్ల మలుపుల్లో గోడకు తగిలి మూలలు లేచిపోవడం మామూలే. పై మూలలో గవ్వ ఆకారంలో చిన్న పెచ్చు లేచి, దాని నుంచి ఏ గీతా బయలుదేరకపోతే అది అందానికి వచ్చిన లోపమే. చెయ్యి కోసుకోకుండా నూరురాయితో అంచు మొద్దుబార్చుకుంటే చాలు. అదే పెచ్చు పైఅంచు సరిగ్గా నడుమ ఉంటే, అదీ పైన అడ్డపట్టీ లేని తొట్టె అయితే, ఊరుకోవద్దు. అద్దం ఎక్కువగా ఉబ్బే చోట్లలో అదొకటి. అలాగే పెచ్చు సిలికాన్ అతుకు కిందికి దూరి ఉంటే అతుక్కోవలసిన గాజే అక్కడ లేదన్నమాట.

ఇక పగులు. అద్దం ఈ ముఖం నుంచి ఆ ముఖానికి దిగిన పగులు ఏ పొడవుదైనా, ఎక్కడున్నా, ఆ అద్దం నీళ్ళు పట్టడానికి పనికిరాదు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. పగులు చివర రంధ్రం చేస్తే ఆగుతుందంటారు కొందరు. రేకు విషయంలో నిజమే, ఇంట్లో డ్రిల్లు పట్టుకుని గాజు మీద ఆ ప్రయోగం చేస్తే మరో నాలుగు నెర్రెలు తోడవుతాయి. కారు అద్దం పగిలితే జిగురు ఎక్కించి బాగుచేస్తున్నారుగా అని ఇంటాయన అడిగారు. మంచి ప్రశ్నే. కారు ముందు అద్దం నిజానికి రెండు అద్దాలు, మధ్యలో ప్లాస్టిక్ పొర. జిగురు చెడినా పొర పట్టి ఉంచుతుంది. తొట్టె అద్దానికి ఆ పొర లేదు. ఎమ్-సీల్, ఫెవిక్విక్ లాంటివి కారడాన్ని ఆపుతాయేమో కానీ పగులు కొనను ఆపవు. కారడం ఆగితే ప్రమాదం తప్పిందనుకోవడమే ఈ వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం. కారుతున్న తొట్టె కనీసం హెచ్చరిస్తుంది.

అతుకుల దగ్గర కారే తొట్టె నయం అంటాను. గాజు బాగుండి సిలికాన్ పాడైతే దానికి వైద్యం ఉంది. దీన్ని పట్టుకోవడం ఢిల్లీలో మరీ తేలిక. ఇక్కడి బోరు నీళ్ళ కాఠిన్యం పుణ్యమా అని, ఎక్కడ చెమ్మ ఊరినా బయట తెల్లటి సున్నపు చార కడుతుంది. మూలల్లో పై నుంచి కిందికి ఆ చార ఉందేమో వేలితో తడిమి చూడండి. రెండు అద్దాల మధ్య నలిగి ఉన్న సిలికాన్ పొరలో పొడవాటి గాలి బుడగలున్నా, అది తెల్లగా పాలిపోయి విడిపోతున్నా అనుమానించాలి. లోపలి మూలలో పూసిన పట్టీ కాస్త లేచినంత మాత్రాన భయం లేదు. బరువు మోసేది అద్దాల మధ్యనున్న పొరే. నెలల తరబడి అటక మీద ఎండిన తొట్టె మళ్ళీ నీళ్ళు పోయగానే కారడం కూడా తరచూ జరిగేదే.

బాగుచేయాలంటే పాతది మొత్తం బ్లేడుతో తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, కొత్తది పూయాలి. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగా పట్టదు. పాతదాని మీదే ఇంకో వరస పూసి చేతులు దులుపుకునే వారి సలహా వినకండి. బాత్‌రూముల కోసం అమ్మే, బూజు పట్టని రకం సిలికాన్‌లో బూజును చంపే మందు ఉంటుంది. అది చేపలకూ మందే, తిరుగులేని మందు. వెనిగర్ వాసన వచ్చే మామూలు రకం, ఏ మందులూ కలపనిది తీసుకోవాలి. పూశాక వాసన పూర్తిగా పోయేదాకా, వారమైనా సరే, ఆగాలి.

ఆ తర్వాత పరీక్ష. చదునైన నేల మీద, వీలైతే కింది అంతస్తు వరండాలో, అడుగున థర్మోకోల్ షీటు పరిచి, చుట్టూ పాత పేపర్లు వేసి మూడో వంతు నీళ్ళు పోయండి. ఒక పూట ఆగి రెండో వంతు. మర్నాడు పూర్తిగా. నింపాక ముందు అద్దానికి బయటి వైపు పొడవాటి స్కేలు ఆనించి ఎంత ఉబ్బిందో చూసుకోండి. అలా రెండు మూడు రోజులు ఉంచి పేపర్లు తడిశాయేమో చూడాలి. అయితే ఈ పరీక్ష దేనికి పరీక్షో మర్చిపోకూడదు. అది అతుకులకు పరీక్ష. గాజు పగులుకు కాదు. పగిలిన అద్దం మూడు రోజులు నిలిచిందంటే మూడు రోజులు నిలిచిందని మాత్రమే అర్థం. ఇంట్లో తొట్టెలు కట్టుకునేవారు అద్దం మందం లెక్కగట్టేటప్పుడు గాజు తట్టుకోగల దానిలో దాదాపు నాలుగో వంతుకు మించి ఒత్తిడి పడకుండా చూసుకుంటారు. వాళ్ళ లెక్కల్లో ఈ అంకె 3.8. అంతటి వెసులుబాటు పెట్టుకునేది కంటికి కనిపించని నెర్రెల కోసం. కంటికి కనిపించే నాలుగంగుళాల పగులు ఆ వెసులుబాటునంతా ఎప్పుడో మింగేసి ఉంటుంది.

అంతెందుకు, పెద్ద పెద్ద నిపుణులకే ఇది అంతుపట్టని సందర్భాలున్నాయి. బెర్లిన్‌లో ఒక హోటల్ నడిమధ్య నిలబెట్టిన ఆక్వాడోమ్ అనే భారీ స్తంభాకారపు అక్వేరియం 2022 డిసెంబర్ 16 తెల్లవారుజామున బద్దలైంది. 10 లక్షల లీటర్ల నీళ్ళు, దాదాపు 1,500 చేపలు క్షణాల్లో హోటల్ లాబీలోకీ రోడ్డు మీదికీ వచ్చి పడ్డాయి. ఇద్దరు గాయపడ్డారు. పగటి వేళ అయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. అది గాజు కాదు, మందపాటి యాక్రిలిక్. అంతకు ముందే మరమ్మతులు చేసి అదే ఏడాది మళ్ళీ తెరిచారు కూడా. ముక్కలన్నీ ఏరి పరిశీలించిన నిపుణులు 2023లో ఇచ్చిన నివేదికలో అతుకు విడిపోయి ఉండొచ్చా, ముందే గాటు పడి ఉందా అంటూ కొన్ని అవకాశాలు చెప్పారే కానీ ఇదీ కారణమని తేల్చలేకపోయారు.

మునిర్కా గదికి దాని సొంత చిక్కులున్నాయి. అన్నిటికంటే ముందు కరెంటు. గదికి ఒకటో రెండో ప్లగ్గులు. వాటి నుంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద, సరిగ్గా తొట్టె స్టాండు కింద ఉంటుంది. ఫిల్టరు, లైటు, చలికాలంలో హీటరు, వీటికి తోడు ఫోను చార్జరు, అన్నీ అందులోనే. నేను చూసిన ఇంట్లో వాస్తు ప్రకారం తొట్టెకు ఈశాన్య మూల కేటాయించారు. ఆ మూలలోనే స్విచ్ బోర్డు కూడా ఉంది. నీళ్ళకు ఈశాన్యం మంచిదే కావచ్చు, కరెంటుకు ఏ దిక్కయినా ఒకటే. బోర్డును తొట్టె అంచు కంటే ఎత్తులో గోడకు బిగించాలి. తీగలు ప్లగ్గులోకి పోయే ముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి పోయేలా ఉంచితే, తీగ వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. లీకేజీ జరిగితే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకర్ పెట్టించమని ఇంటి ఓనరును అడగండి. ఓనరు పెట్టించకపోవచ్చు. అయినా అడగండి.

తర్వాత నేల. ఒక అంతస్తు మీద మరొక అంతస్తు వేసుకుంటూ పోయిన ఇళ్ళలో టైల్స్ ఒక్క మట్టానికి ఉండటం అరుదు. స్టాండు నాలుగు కాళ్ళలో ఒకటి గాలిలో ఉంటే తొట్టె మెలితిరుగుతుంది, ఆ మెలి అడుగు మూలల్లో పగులుగా తేలుతుంది. మా జంట తొట్టెకు పగులు అలాగే వచ్చిందని నా అనుమానం. మన దేశంలో ఇళ్ళ శ్లాబులకు చదరపు మీటరుకు 200 కిలోల చొప్పున వాడుక బరువు లెక్కగడతారు. 150 కిలోల తొట్టెను గది నడుమ కాకుండా, దూలం మీదుగా, గోడ పక్కన పెట్టమనేది అందుకే. ఇక భూమి. 2025 ఫిబ్రవరి 17 ఉదయం 5.36 గంటలకు ఢిల్లీని 4.0 తీవ్రతతో కుదిపిన భూకంపానికి కేంద్రం ధౌలా కువాఁలో, మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిట ఉన్న కాలేజీ సమీపంలో నమోదైంది. మునిర్కాకు అది కొద్ది కిలోమీటర్ల దూరమే. మంచి తొట్టె అలాంటి కుదుపుకు కాసిని నీళ్ళు ఒలకబోసి ఊరుకుంటుంది. పగిలిన తొట్టె గురించి ఆ మాట చెప్పలేం.

ఆ జంటకు నేను చెప్పింది ఇది: స్టిక్కర్ వద్దు, సగం నీళ్ళ సర్దుబాటూ వద్దు. పాప లేని ఇంట్లో అయితే సగం నీళ్ళతో నడిపే మొండివాళ్ళతో నేను కాసేపు వాదించి వదిలేసేవాణ్ని. నడక నేర్చుకునే పిల్ల పగులు అంచున రెండు చేతులూ ఆనించి నిలబడే ఇంట్లో ఆ వాదనకే చోటు లేదు. మిగతా నాలుగు అద్దాలు బాగున్నాయి కాబట్టి ముందు అద్దం ఒక్కటీ మార్పించుకోవచ్చు. బ్లేడుతో సిలికాన్ కోసి పాత అద్దం ఊడదీసి, అదే కొలతకు, అదే మందంలో, అంచులు నూరిన కొత్త అద్దం వేయించాలి. ఇక్కడి అద్దాల షాపుల్లో మందం మిల్లీమీటర్లలోనూ చెబుతారు, సూత్‌లలోనూ చెబుతారు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. షాపువాడి మాట నమ్మకుండా పాత ముక్కను తీసుకెళ్ళి పక్కన పెట్టి చూసుకోవడం మేలు. పగిలిన ముక్క టఫెన్డ్ గాజు కాదని ఎలా తెలుసని ఇంటాయన అడిగారు. టఫెన్డ్ గాజుకు అలాంటి పొడవాటి పగులు పడి ఆగదు. పగిలితే మొత్తం బఠానీ గింజలంత ముక్కలై కుప్పకూలుతుంది.

అద్దం మార్పించేదాకా ఆ తొట్టె గదిలో ఖాళీగానే ఉంది. అందులో పాప బొమ్మలు వేద్దామా అని అడిగితే దానికీ వద్దన్నాను.

చేపలున్న తొట్టెకే హఠాత్తుగా పగులు కనిపిస్తే చేయాల్సిన పనుల వరస కూడా చెప్పాలి. అద్దానికి టేపు అంటించడానికి పరుగెత్తకండి. ముందు గోడ దగ్గర కరెంటు ఆపండి. తొట్టెలో చెయ్యి పెట్టేది ఆ తర్వాతే. హీటరు ఆపకుండా నీళ్ళు దించితే అది వేడెక్కి పగిలి ఇంకో ప్రమాదం తెస్తుంది. తర్వాత పైపుతో నీటిని బకెట్లలోకి లాగండి. మొదటి జానెడు నీళ్ళు దిగేసరికే ఒత్తిడి బాగా తగ్గిపోతుంది. పగులు కింద కూర్చుని కాదు, పక్కన నిలబడి చేయండి. ఆ పాత నీళ్ళలోనే చేపలను వేసి గాలి పంపు పెడితే ఒకటి రెండు రోజులు ఢోకా ఉండదు. జనవరిలో అయితే బకెట్‌ను కిటికీ పక్కన పెట్టకండి. కొత్త తొట్టె సిద్ధమయ్యాక గీజరు వేడి నీళ్ళు చల్లటి అద్దం మీద పోయకండి, కొత్త పగుళ్ళు అలాగే పుడతాయి.

తీసేసిన అద్దాన్ని ముక్కలు చేసి చెత్త సంచీలో వేయడం మునిర్కాలో రోజూ చూస్తాం. ఆ సంచీని ఉదయాన్నే చేతులతో విప్పి ప్లాస్టిక్ వేరుగా, కాగితం వేరుగా ఏరే మనిషి ఉంటాడు. అద్దాన్ని పగలగొట్టకుండా రెండు వైపులా టేపు వేసి, పాత దుప్పటిలోనో మందపాటి అట్టలోనో చుట్టి, పైన ‘శీశా’ అని హిందీలో పెద్దక్షరాలతో రాసి, కబాడీవాలా వచ్చినప్పుడు చేతికే ఇచ్చి లోపల ఏముందో నోటితో కూడా చెప్పండి.